పదిహేడో ప్రశ్నకు నేను పెట్టిన టిక్కు

మొన్న మన సంస్థలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. చేతుల్లో ట్యాబులు, మెడల్లో గుర్తింపు కార్డులు, మొహాల నిండా ఉత్సాహం. మీ సర్వీసులో మరిచిపోలేని విజయగాథ ఒకటి రాసివ్వండి మేడమ్, కొత్తవాళ్ళ శిక్షణలో చదివిస్తాం అన్నారు. విజయగాథలు మన ఆఫీసు బీరువాలో కావలసినన్ని ఉన్నాయి. వాటిలో సగం నేనే రాశాను, కాబట్టి వాటిని నమ్మొద్దని చెప్పే హక్కు కూడా నాకుంది. మీకు పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. అదే రాస్తున్నాను. శిక్షణలో చదివిస్తారో, బీరువాలో పెట్టి తాళం వేస్తారో మీ ఇష్టం.

ముందు నా సంగతి చెప్పాలి. మాది బస్తర్ అంచున భోపాలపట్నంలో మూడు తరాల కిరాణా కొట్టు. మా తాత గోదావరి అవతలి నుంచి ఉప్పు, ఎండుచేపలు తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల దోర్లా ఆదివాసీ పల్లెల వాళ్ళంతా మా గిరాకీలే. వాళ్ళ నోట మేం సావుకార్లం. నేను కొట్లో కూర్చోనని మొండికేసి, డిగ్రీ చదివి, పేదరికం పోగొట్టే ఉద్యోగంలో చేరాను. మన గిరాకీలు బాగుపడితే మనకూ మంచిదేగా అని మా నాన్న సంతోషంగా పంపించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. నేను రిటైరయ్యాను గానీ పేదరికం ఇంకా సర్వీసులోనే ఉంది.

మద్దేడ్‌లో హైవే పక్కన రెండు గదుల రేకుల షెడ్డు అప్పటి మన ఆఫీసు. ఒక గదిలో కంప్యూటరు, రెండో గదిలో మేము. మా ప్రాజెక్టు సర్ రాయపూర్ నుంచి వచ్చినవాడు. మంచి మనిషే. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవాడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, మెట్లు. పేదరికం అంటే ఆయన దృష్టిలో ఒక మెట్ల వరస. ఆఫీసు గోడ నిండా ఒక ఫ్లెక్సీ కట్టించాడు. అడుగున ఎర్ర మెట్టు, మధ్యలో పసుపు మెట్టు, పైన ఆకుపచ్చ మెట్టు. ఆకుపచ్చ మెట్టు మీద ఒక కుటుంబం నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆ బొమ్మ ఎక్కడిదో గానీ వాళ్ళ వెనకాల మంచు కొండలు కనబడేవి. బస్తర్‌లో పేదరికం పోతే మంచు కురుస్తుందేమోనని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఏ ఇల్లు ఏ మెట్టు మీద ఉందో తేల్చడానికి ఇరవై ప్రశ్నల ఫారం ఉండేది. ఎర్ర మెట్టు మీద ఉన్న ఇంటికి మన సంస్థ అండ ఉంటుంది. విత్తనాలు, వైద్యం, అన్నిటికంటే ముఖ్యంగా భోపాలపట్నంలో మనం నడిపే ఆడపిల్లల హాస్టల్లో సీటు. ఆకుపచ్చకు ఎక్కితే ఇక నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డట్టే. ఒక శాలువా కప్పి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి, దండం పెట్టి పంపించేస్తాం.

ఇరవై ప్రశ్నల్లోకీ బరువైనది పదిహేడోది. "ఇంట్లో తినకుండా నిల్వ ఉన్న ధాన్యం గానీ కూరగాయలు గానీ ఉన్నాయా?" ఆకలిగా ఉన్నవాడు తిండి ఎదురుగా ఉంటే తినక మానడు, తినలేదంటే కడుపు నిండినట్టేనని సర్ వాదన. వినడానికి తప్పు పట్టేందుకు ఏమీ లేదు. ఆ వాదన తయారు చేసినవాళ్ళు కోతల కాలంలో మా పల్లెలకు రాలేదు, అంతే.

దోర్లా పల్లెల్లో ఏ కొత్త పంటనూ పండుం కాకుండా నోట్లో పెట్టరు. పండుం అంటే పండుగ. వడ్లకు ఒకటి, చిక్కుళ్ళకు ఒకటి, మామిడికి ఒకటి. ఊరి పూజారి రోజు చెప్పాలి. ముందు దేవర్లకు, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఆ తర్వాతే మనుషులు తినాలి. ఊళ్ళో చావు జరిగితే పండుం వెనక్కి పోతుంది. పూజారికి జ్వరం వచ్చినా వెనక్కి పోతుంది. అంతదాకా కొత్త వడ్లు ఇంట్లో కళ్ళెదురుగా ఉన్నా సరే, పిల్లలకు కూడా పెట్టరు. ఈ సంగతి నాకు తెలియదని అనుకోకండి. కోతలు కాగానే మా నాన్న నూకలు ఎక్కువ తెప్పించేవాడు. వడ్లు ఇంట్లో పెట్టుకుని వాళ్ళు మా కొట్టుకు నూకలకు వస్తారని ఆయనకు తెలుసు. నాకు లాగు, గౌను వేసుకునే వయసు నుంచే తెలుసు.

మన సర్వే ఎప్పుడు పెట్టారంటే, సరిగ్గా కోతలకూ, కొత్త వడ్లు తినే కొత్తల పండుంకూ మధ్య. ఢిల్లీ నుంచి మనకు సాయం చేసేవాళ్ళకు ఆ నెలాఖరుకే రిపోర్టు పోవాలట.

నాతో పాటు పనిచేసే అమ్మాయి ఒకతి ఉండేది. దోర్లా పిల్ల, ఆ పల్లెల్లోదే, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. తన వాటా ఫారాలన్నీ చక్కగా నింపి, పదిహేడో ప్రశ్న దగ్గర మాత్రం టిక్కు పెట్టకుండా "పండుం కాలేదు" అని రాసుకొచ్చింది. సర్ ఫారాలు తిరగేసి ఓపికగా చెప్పాడు. కంప్యూటరు రెండే మాటలు తీసుకుంటుంది, అవును, కాదు. "సర్, ఉన్నది గానీ లేదు" అంది ఆ పిల్ల. సర్ నవ్వి, ఆ ఫారాల కట్ట నా ముందు పెట్టాడు. మీరు సీనియర్, సరిచేసి ఇవ్వండి అన్నాడు.

సీనియర్ అన్న మాట వింటే నాకు కొంచెం ఒళ్ళు పొంగేది. సరిచేశాను. అన్నిటికీ అవును. ఆ పిల్ల నా పక్కనే కూర్చుని చూసింది. "అక్కా, నీకు తెల్వదా?" అని అడిగింది. తెలుసులే, ఇది ఆఫీసు పని అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాతో టీ తాగడానికి రాలేదు.

నా వాటాకు వచ్చిన పల్లె ఒకటి అడవి అంచున ఉండేది. అందులో ఒకామె మా కొట్టుకు పాత గిరాకీ. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. పెద్ద కూతురు మన హాస్టల్లో తొమ్మిదో తరగతి. ఇంట్లో ఇంకా ఇద్దరు చిన్నపిల్లలు. నేను పోయేసరికి మూలన వెదురు గాదెలో కొత్త వడ్లు నిండుగా ఉన్నాయి. పొయ్యి మీద నీళ్ళలాంటి జావ ఉడుకుతోంది. ఎండలో నడిచి వచ్చానని ఆమె ఆకుదొన్నెలో జావ పోసి నాకే ముందు ఇచ్చింది. పిల్లలిద్దరూ నా దొన్నె వైపే చూస్తూ నిలబడ్డారు. నేను ఆ జావ తాగాను. తాగి, దొన్నె కింద పెట్టి, ఒళ్ళో ఫారం సర్దుకుని, గాదె వైపు చూసి, పదిహేడో ప్రశ్నకు అవును అని టిక్కు పెట్టాను. మీరు నన్ను ఏమనుకున్నా పర్వాలేదు. ఆ టిక్కు పెట్టి పద్దెనిమిదో ప్రశ్నకు వెళ్ళిపోయాను.

వారం తిరిగేసరికి కంప్యూటరు ఫలితం చెప్పింది. పల్లె పల్లెంతా ఆకుపచ్చ. సర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ మా కష్టం ఫలించిందని మాకందరికీ మిఠాయిలు పంచాడు. ఆ పండుం తేదీ ఇంకా రానే లేదు. చివరికి వచ్చింది, వాళ్ళు వడ్లు తిన్నారు, విత్తనానికి కొంత ఉంచుకున్నారు, రెండు నెలల్లో గాదె అడుగు కనబడింది. ఆ కబురు ఏ ఫారంలోనూ పట్టలేదు.

జనవరిలో ఆకుపచ్చ ఇళ్ళకు ఉత్తరాలు పోయాయి. అభినందనలు చెప్పి, కింద చిన్న అక్షరాల్లో, హాస్టల్ సీటు వేరే నిరుపేద బాలికకు ఇవ్వడానికి సహకరించగలరని. ఉత్తరం అందిన మూడో రోజు నాకు జావ పోసినామె పల్లె నుంచి నడిచి ఆఫీసుకు వచ్చింది. ఉత్తరం ఆకులో చుట్టి తెచ్చింది. ఆమెకు చదవడం రాదు, హాస్టల్‌కు పోయి కూతురి చేత చదివించుకుందట.

"సావుకారి బిడ్డా, మేం ఏం తప్పు జేసినం?" అంది.

తప్పేం లేదు, మీరు పైకొచ్చారని రాశారు అన్నాను.

"ఎప్పుడొచ్చినం పైకి? నాకు జెప్పనే లేదు గదా." ఆమె మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. "హాస్టల్ల ఉంటె సదువుకుంటది. ఇంటికొస్తె మిర్చికి పోతది. బండి మా ఊరి దాక వస్తది, పిల్లల్ని ఎక్కించుకోని గోదారి దాటిస్తది. ఒక్కపారి ఆ బండి ఎక్కిన పిల్ల మల్ల బడికి వొచ్చింది నువ్వు జూసినవా?"

చూడలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు ఆడపిల్లలు తెలంగాణ మిరప తోటల్లోనే ఉంటారు. మంట పుట్టే చేతులతో తిరిగొస్తారు, పుస్తకాలు మరిచిపోయి వస్తారు. ఆ పిల్లకు లెక్కలంటే ఇష్టమని, టీచరు కావాలనుకుంటోందని హాస్టల్ వార్డెన్ నాతో ఎన్నోసార్లు అంది. అదంతా ఇప్పుడు నా టిక్కు మీద ఆధారపడి ఉంది. అప్పుడు కుదిపింది నన్ను, ఆలస్యంగానే అయినా.

సర్ దగ్గరికి పోయి సంగతి మొత్తం చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. కంప్యూటరు తెరిచి నాకే చూపించాడు. ఎర్ర నుంచి పసుపుకు బాణం ఉంది, పసుపు నుంచి ఆకుపచ్చకు బాణం ఉంది. వెనక్కి బాణం లేదు. ఈ ప్రోగ్రాం తయారు చేసినవాళ్ళు మనిషి కిందికి దిగుతాడని అనుకోలేదు మేడమ్ అన్నాడు. పైగా వచ్చే వారమే ఢిల్లీ నుంచి అతిథులు వస్తున్నారు, సభ అయ్యాక చూద్దాం అన్నాడు. సభ అయ్యాక చూద్దాం అన్నవి ఏవీ మన ఆఫీసులో చూడబడలేదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సభ నేను సర్వే చేసిన ఆ పల్లెలోనే. శామియానా, కుర్చీలు, మంచు కొండల ఫ్లెక్సీ, అన్నీ వచ్చాయి. ఆడవాళ్ళందరికీ ఆకుపచ్చ శాలువాలు కప్పారు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దావిడ నెమ్మదస్తురాలు, అందరికీ చేతులు జోడించి నమస్కారం పెట్టింది. పైకొచ్చిన ఇంట్లో అతిథులు భోంచేయాలని సర్ ఏర్పాటు. అన్నిటికంటే దగ్గరగా, జీపు ఆగే చోటికి ఎదురుగా ఉందని ఉత్తరం తెచ్చినామె ఇంటినే ఎంచాడు.

వాకిట్లో దడి నిండా చిక్కుడు తీగ పాకి, గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. చూరు కింద కోసిన కాయలు బుట్టలో ఉన్నాయి. చిక్కుళ్ళ పండుం ఇంకా కాలేదు. ఇంటామె ఆకుపచ్చ శాలువా భుజాల మీద ఉంచుకునే అతిథులకు జావ వడ్డించింది, పక్కన కాస్త చింతపండు పులుసు. పెద్దావిడ ఒక గుక్క తాగి, దడి వైపు చూసి, ఇన్ని చిక్కుళ్ళు ఉండగా ఎందుకు వండలేదు అని హిందీలో నన్ను అడిగింది. నేను ఇంటామెను తెలుగులో అడిగాను.

"పండుం కాలే" అందామె.

సర్ నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. నేను పెద్దావిడ వైపు తిరిగి, అమ్ముకోవడానికి దాచుకున్నారట మేడమ్, వీళ్ళకు ఇప్పుడు పొదుపు అలవాటైంది అని హిందీలో చెప్పాను. పెద్దావిడకు చాలా నచ్చింది. వెనక నిలబడ్డ మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. సర్ ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాను.

అప్పుడు ఇంటామె జావ కుండ కింద పెట్టి, పెద్దావిడ ఎదురుగా వచ్చి నిలబడి హిందీలో మాట్లాడింది.

సంతలో ఇప్పపువ్వు కొనే హిందీ వ్యాపారులతో ఇరవై ఏళ్ళుగా బేరం చేస్తున్న మనిషి, హిందీ రాకుండా ఎలా ఉంటుంది? నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా కొట్టుకు వచ్చేవాళ్ళు మాతో మా భాషలో మాట్లాడతారు కాబట్టి వాళ్ళకు ఇంకో భాష రాదనుకోవడం మా సావుకార్ల జబ్బు. ఆ జబ్బు డిగ్రీ చదివినా పోలేదు.

పండుం కాలేదు కాబట్టి తినలేదని చెప్పింది. అమ్మడానికి కాదంది. వడ్లప్పుడు కూడా ఇంతేనంది. తర్వాత నా వైపు చేయి చూపించింది.

"దీదీ కో సబ్ మాలూమ్ హై. హమారే ఘర్ మే జావ పీకే గయీ."

దీదీకి అన్నీ తెలుసు, మా ఇంట్లో జావ తాగి పోయింది అని. ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది నాకు. పెద్దావిడ చేతిలోని దొన్నె అలాగే పట్టుకుని, మీకు తెలుసా అని నన్ను అడిగింది. సర్ తల తిప్పుకుని ఫ్లెక్సీ మీది మంచు కొండల వైపు చూశాడు. మా దోర్లా పిల్ల శామియానా గుంజ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"తెలుసు" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన మాటలన్నిటిలో చిన్నది అదే. దానికే ఎక్కువసేపు పట్టింది. పెద్దావిడ ఇంటామె వైపు తిరిగింది. నీకు ఏం కావాలమ్మా అని ఆమెనే అడిగింది. నా బిడ్డ హాస్టల్లో ఉండాలి అందామె. మళ్ళీ పరిశీలన జరిగేదాకా ఆ సీటు తీయొద్దని పెద్దావిడ అక్కడే సర్‌కు చెప్పింది. మన సంస్థలో పరిశీలన జరగడానికి పట్టే కాలంలో ఆ పిల్ల పన్నెండు పాసైపోయింది. మన పద్ధతులు ఒకరికి మేలు చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మిగతాది కూడా చెప్పాలి. ఆ పల్లె నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఉత్తరం అందిన వారంలోనే హాస్టల్ ఖాళీ చేసి మిర్చి బండి ఎక్కేశారు. వాళ్ళ తల్లులు ఆఫీసుకు రాలేదు, ఎవరినీ అడగలేదు. వాళ్ళ కోసం నేను రెండుసార్లు గోదావరి అవతలికి వెళ్ళాను. ఒక పిల్ల దొరకనే లేదు. రెండో పిల్ల దొరికింది, నాతో రానంది. ఆ ఇద్దరి పేర్లు ఏ విజయగాథలోనూ లేవు, నాకు మాత్రం గుర్తున్నాయి.

సర్ తన రిపోర్టులో సాంస్కృతిక కారణాల వల్ల తాత్కాలిక సవరణ అని రాశాడు. దానికి ఆయనకు రాయపూర్‌లో మెచ్చుకోలు దొరికింది. ప్రోగ్రాంలో వెనక్కి ఒక బాణం పెట్టారు. మా దోర్లా పిల్లను శిక్షణకు పంపారు, ఫారాలు ఎలా నింపాలో నేర్చుకోవడానికి. నన్ను తోంగ్‌పాల్‌కు బదిలీ చేశారు, అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరని కాబోలు. పదిహేడో ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న మీ ట్యాబులో చూశాను, పద్నాలుగో నంబరుకు మారింది. దాని కింద కొత్తగా ఖాళీ గడి ఒకటి ఇచ్చారు. అందులో ఎవరైనా "పండుం కాలేదు" అని రాసుకొస్తే, దయచేసి సరిచేయకండి. ఆ ఖాళీని సీనియర్లకు అసలు ఇవ్వకండి.

తర్వాతి ఏడాది కోతలయ్యాక మా దోర్లా పిల్ల ఫోన్ చేసింది. కొత్తల పండుంకు ఆ ఇంటివాళ్ళు నిన్ను రమ్మంటున్నారు అక్కా అంది. వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి తోంగ్‌పాల్‌లో పొద్దున్నే బస్సెక్కి, జగదల్‌పూర్‌లో ఇంకో బస్సు మారి, మద్దేడ్‌లో ఆ రాత్రికి ఉండి, మర్నాడు పల్లెకు నడిచాను. చేతిలో సంచి తప్ప ఏమీ తీసుకుపోలేదు.

దేవర్లకు పెట్టడం అయిపోయింది. అందరూ వరసగా కూర్చున్నారు. నాకూ ఆకు వేశారు. కొత్త బియ్యం అన్నం వడ్డిస్తూ ఆమె నా ముందు ఆగింది.

"ఇయ్యాల నేను అడుగుత, నువ్వు జెప్పు. మీ ఇంట్ల తినకుండ పెట్టుకున్న తిండి ఉన్నదా?"

భోపాలపట్నంలో మా కొట్టు వెనక గదిలో పైకప్పు దాకా పేర్చిన బస్తాలు గుర్తొచ్చాయి. ఉంది అన్నాను.

"పండుం గాలేదని ఆపినరా?"

లేదన్నాను.

ఆమె గిన్నె పక్కన పెట్టి లోపలికి పోయింది. సభలో తనకు కప్పిన ఆకుపచ్చ శాలువా, మడతపెట్టి దాచింది, తెచ్చి నా భుజాల మీద కప్పింది.

"గట్లయితే ఇది నీది" అంది.

అందరూ నవ్వారు. హాస్టల్ నుంచి పండుంకు వచ్చిన ఆమె కూతురు చప్పట్లు కొట్టింది. నేను శాలువా తీయకుండానే అన్నం తిన్నాను.